సెన్సార్ మంచిదే, పెట్టిన చోటే తప్పు

ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్న తమ్ముళ్లు, బండి నడుపుకొని బతుకుతున్న అన్నలు, కొత్త బైకుకి సైలెన్సర్ మార్చాలని చూస్తున్న కుర్రాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

విషయం చిన్నదే. పెట్రోలు బండి పొగగొట్టానికి ఆక్సిజన్ సెన్సార్ అని ఒకటి బిగించి ఉంటుంది. పైపు లోపలికి వెళ్లే దాని మూతి చిటికెన వేలంత ఉంటుంది. అది ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నదే నేను చెప్పదలుచుకున్నది. ఆ చోటు తప్పినందుకు మా బావ మూడు నెలల సంపాదన సగం పెట్రోలు బంకుకే పోసేశాడు. అందుకే రాస్తున్నాను.

మా బావ అంటే మా అక్క భర్త. చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగే ఘాట్ రోడ్డులో సెకండ్ హ్యాండ్ పెట్రోలు వ్యాను తిప్పుతాడు. మామూలు రోజుల్లో మనుషులు, సంత రోజు మనుషులతో పాటు పసుపు, మిరియాల బస్తాలు. బండి ఫైనాన్సులో ఉంది. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుతున్నారు.

మొన్న వానాకాలం చివర్లో ఇంజన్ దగ్గర నుంచి వెనక్కి వచ్చే పైపు తుప్పు పట్టి, ఒక రాయి తగిలి చిల్లు పడింది. కంపెనీ పైపు రేటు విని బావ దండం పెట్టేసి, ఒక సైలెన్సర్ షాపులో చేయించుకున్నాడు. ఆ మేస్త్రి పాత పైపు మీద సెన్సార్ బిగించే నట్టును కోసి, కొత్త పైపుకి వెల్డింగ్ పెట్టాడు. పని చూడ్డానికి నీట్‌గానే ఉంది. బండి చప్పుడు కూడా తగ్గింది.

వారం తిరక్కుండానే కష్టాలు మొదలయ్యాయి. లీటరుకి 14 కిలోమీటర్లు ఇచ్చే బండి పదికి పడిపోయింది. వెనక పైపు మూతి నల్లగా మసి పట్టింది. ఘాట్ ఎక్కుతుంటే పెట్రోలు వాసన. మీటరులో ఇంజన్ బొమ్మ పచ్చగా వెలిగి ఆరడం లేదు. ఒక మెకానిక్ సెన్సార్ పోయిందన్నాడు, మార్పించాడు. తేడా రాలేదు. ఇంకొన్నాళ్లకి ఆ కొత్త సెన్సారూ పోయింది, మళ్లీ మార్పించాడు. అయినా అదే కథ.

సంక్రాంతికి నేను ఇంటికి వెళ్లేసరికి అక్క ముఖం చూస్తే పండగలా లేదు. బావ ఒక్కటే మాట అన్నాడు: "బామ్మర్దీ, ఈ బండి ఫైనాన్సోళ్లకి అప్పజెప్పేద్దామనుకుంటన్నాను. రోజంతా తిప్పితే ఏటి మిగులుతుంది? పెట్రోలు వాసన మిగులుతుంది."

నేను విశాఖలో ఒక గ్యారేజీలో పని చేస్తాను. ఫోనుకి కలిపే చిన్న స్కానర్ ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. పెట్టి చూశాను. పెట్రోలు తక్కువైంది, గాలి ఎక్కువైంది అని సెన్సార్ చెబుతోంది. ఆ మాట నమ్మి కంప్యూటరు పెట్రోలు పెంచుకుంటూ పోయి, దానికి ఉన్న హద్దు దగ్గర ఆగిపోయింది. ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ పొయ్యి మీద కుండ అడుగులా నల్లగా ఉన్నాయి. అంటే పెట్రోలు ఎక్కువైందని ప్లగ్గులు చెబుతున్నాయి.

సెన్సారేమో తక్కువ అంటోంది. ప్లగ్గులేమో ఎక్కువ అంటున్నాయి. తమ్ముళ్లూ, ఇలా రెండు సాక్ష్యాలు ఎదురెదురుగా నిలబడినప్పుడు వెంటనే ఒకదాన్ని అబద్ధం అనేయకండి. ఇక్కడ రెండూ నిజమే చెబుతున్నాయి. ఎలాగో తెలియాలంటే అసలు ఆ సెన్సార్ ఏం చూస్తుందో ముందు తెలియాలి.

సెన్సార్ మూతి లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. దానికి రెండు వైపులా పల్చటి ప్లాటినం పూత. ఒక వైపు పొగ తగులుతుంది, ఇంకో వైపు బయటి గాలి ఉంటుంది. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్‌లో తేడాని బట్టి చిన్న కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.9 వోల్టుల దాకా, మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర. మధ్యలో 0.45 దగ్గర గీత. కంప్యూటరు ఆ గీతకి అటూ ఇటూ ఊగుతూ పెట్రోలుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మామూలు పెట్రోలుకైతే కిలో పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఆ లెక్క దాదాపు 13.5కి దిగుతుంది. సెన్సార్‌కి ఈ అంకెలు అక్కర్లేదు. కాలగా ఆక్సిజన్ మిగిలిందా లేదా, అంతే.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆక్సిజన్ సెన్సార్ పెట్రోలుని చూడదు. ఆక్సిజన్‌నే చూస్తుంది. ఆ ఆక్సిజన్ ఇంజన్‌లో మిగిలిందా, దారిలో బయటి నుంచి దూరిందా అన్నది దానికి తెలియదు. ఒక ప్లగ్గు సరిగ్గా కొట్టకపోయినా అంతే. కాలని పెట్రోలు బయటికి పోతూ ఉంటుంది, దానితో పాటు కాలని గాలి కూడా పోతుంది. సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువ అని చెబుతుంది.

దీని చరిత్ర కూడా కొంచెం తెలుసుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. బాష్ కంపెనీ తయారు చేసిన ఈ సెన్సార్ 1976లో వోల్వో 240 కార్లకి పెట్టారు, అమెరికాలో కాలిఫోర్నియా కోసం. అక్కడ పొగ నిబంధనలు గట్టిగా ఉండేవి. మూడు రకాల విష వాయువుల్ని ఒకేసారి తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పని చేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా కుదరాలి. ఆ పాళ్లని కాపలా కాయడానికి వచ్చిందే ఈ సెన్సార్. పెట్రోలులో సీసం ఉంటే కన్వర్టర్, సెన్సార్ రెండూ పాడవుతాయి. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో పూర్తిగా ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక మన కుర్రాళ్లు నడిపే పెట్రోలు బైకులకి కూడా ఈ సెన్సార్ వచ్చేసింది.

ఇప్పుడు బావ వ్యాను కిందికి వెళ్దాం. గోనె పట్టా పరుచుకొని పడుకొని చూస్తే సెన్సార్ పైపు అడుగున ఉంది, మూతి పైకి, వైర్లు కిందికి వేలాడుతూ. దానికి జానెడు ముందు ఒక జాయింటు. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి క్లాంపు బిగించారు. ఆ క్లాంపు చుట్టూ నల్లటి మసి గీత. చూడగానే సగం కేసు తేలిపోయింది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనక పైపు మూతికి తడి గుడ్డ కొద్ది సెకన్లు అడ్డం పెట్టమని బావకి చెప్పాను. జాయింటు మీద సబ్బు నీళ్లు పోస్తే బుసబుసమని నురగ. ఇక్కడ అందరికీ వచ్చే డౌటే బావకీ వచ్చింది: "పొగ బయటికి పోతే పోనీ, దానివల్ల సెన్సార్‌కి ఏటయింది?"

పొగ పైపులో కాలవ నీళ్లలా సాఫీగా పారదు. ఒక్కో సిలిండర్ వదిలినప్పుడల్లా ఒక దెబ్బలా వస్తుంది. దెబ్బ వచ్చినప్పుడు పైపులో ఒత్తిడి పెరుగుతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒత్తిడి పడిపోతుంది. పెరిగినప్పుడు చిల్లులోంచి పొగ బయటికి, పడినప్పుడు అదే చిల్లులోంచి గాలి లోపలికి. ఆ గాలి నేరుగా సెన్సార్‌కి తగులుతుంది. సెన్సార్ దాన్ని చూసి ఆక్సిజన్ ఉంది అంటుంది. అది నిజమే. కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి. అదీ నిజమే. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తేడా ఎక్కువ చూపించి, రేస్ చేస్తే తగ్గితే పైపు లీకు మీద అనుమానం పెంచుకోండి. పొగ ఎక్కువైతే దూరే గాలి వాటా తగ్గుతుంది కాబట్టి. స్కానర్‌లో నాకు అదే కనిపించింది.

మరి రెండో సెన్సార్ ఎందుకు పోయింది? దానికి జవాబు లంబసింగి చలిలో ఉంది. జనవరి పొద్దున బండి స్టార్ట్ చేస్తే వెనక పైపులోంచి నీళ్లు కారడం మీరంతా చూసే ఉంటారు. పెట్రోలు కాలితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి పైపుకి తగిలి నీళ్లవుతుంది. ఆ నీళ్లు ఎక్కడికి చేరతాయి? పైపు అడుగుకి. బావ సెన్సార్ ఎక్కడ ఉంది? అడుగునే. లోపలి పింగాణీని హీటర్ ఎర్రగా కాల్చుతుంటే దాని మీద చల్లటి నీటి చుక్క పడితే ఏమవుతుంది? కాలిన పెనం మీద నీళ్లు చల్లితే పెనం తట్టుకుంటుంది, పింగాణీ తట్టుకోదు, పగులుతుంది. పైగా మన రోడ్లలో వాగు నీళ్లు దాటేటప్పుడు కింద వేలాడే సెన్సార్ మునుగుతుంది, రాళ్లూ తగులుతాయి.

అందుకే సెన్సార్‌ని పైపు పై సగంలో పెట్టాలి. పైపుని అడ్డంగా కోస్తే గడియారంలా కనిపిస్తుంది కదా, అందులో 10కి 2కి మధ్య. వైర్లు ఉన్న వైపు పైకి ఉండాలి, అడ్డంగా పెట్టాల్సి వచ్చినా కనీసం 10 డిగ్రీలైనా పైకి లేచి ఉండాలి. అప్పుడు మూతిలో చేరిన నీళ్లు జారి కిందికి పోతాయి.

పండగ మర్నాడు బావా నేనూ అదే షాపుకి వెళ్లాం. మేస్త్రి పెద్దాయన. నేను చెప్పింది విని మొదట నవ్వాడు. "ఏటి బాబూ, పొగ అంతా ఒకటే కదా. ముందు పెడితే ఏటి, వెనక పెడితే ఏటి? పైపు బల్ల మీద తిరగేసి ఉంది, చేతికి అందిన చోట పెట్టాను." ఆయనలో మోసం ఏమీ లేదు. కార్బురేటర్ బండ్ల కాలంలో పని నేర్చుకున్నాడు. అప్పుడు పైపు అంటే పొగ పోయే దారి, అంతే. ఆ దారిలోంచి కంప్యూటరుకి కబురు వెళ్లే రోజులు తర్వాత వచ్చాయి. నేను వాదన పెట్టుకోకుండా సుద్దముక్క తీసుకొని నేల మీద నాలుగు సిలిండర్లు, నాలుగు గొట్టాలు, అవి కలిసే చోటు, వెనక కన్వర్టర్ గీశాను.

మొదటి చోటు, ఒక సిలిండర్ గొట్టం మీదే పెట్టడం. త్వరగా వేడెక్కుతుంది, కానీ నలుగురిలో ఒక్కడి మాటే వింటుంది. ఆ ఒక్క సిలిండర్ తేడాగా ఉంటే మిగతా మూడింటికీ అదే శిక్ష.

రెండో చోటు, నాలుగూ కలిసిన వెంటనే కొంచెం వెనక. అందరి పొగా కలుస్తుంది, వేడి సరిపోతుంది, మధ్యలో జాయింటు ఉండదు.

మూడో చోటు, ఇప్పుడు ఉన్నది, జాయింటు దాటాక. లీకు ఎప్పుడు మొదలైతే అప్పుడు తప్పు కబురు.

నాలుగో చోటు, కన్వర్టర్ దాటాక. కన్వర్టర్ లోపల మిగిలిన ఆక్సిజన్ని వాడేస్తుంది కాబట్టి అక్కడి నుంచి ఇంజన్ సంగతి సరిగ్గా తెలియదు. చాలా కార్లలో అక్కడ రెండో సెన్సార్ ఒకటి ఉంటుంది, దాని పని కన్వర్టర్ బాగుందా లేదా అని చూడటం. మొదటి సెన్సార్‌ని అక్కడికి మార్చకూడదు. ఇంకా వెనక్కి, పైపు చివరికి దగ్గరగా పెడితే పొగ చల్లారిపోతుంది, ఐడిల్‌లో బయటి గాలి వెనక్కి దూరుతుంది.

పెద్దాయన బొమ్మ వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. అది నాకు చాలా నచ్చింది. "మరి అంత మంచిదైతే ఇంజన్‌కి అతికించినట్టే పెట్టేయొచ్చు కదా?"

పెట్టకూడదు. పెట్రోలు ఇంజన్ బరువు లాగేటప్పుడు పొగ వేడి 800, 900 డిగ్రీల దాకా పోతుంది. బాష్ వైడ్‌బ్యాండ్ సెన్సార్లకి పొగ వేడి 930 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉండకూడదని కంపెనీయే చెబుతుంది. వైర్లు దూరే రబ్బరు అయితే 250 డిగ్రీల దగ్గరే హద్దు. కాబట్టి త్వరగా వేడెక్కేంత దగ్గర, మాడిపోనంత దూరం. కంపెనీ ఇచ్చిన చోటు ఉంటే దాన్ని కొలిచి అక్కడే పెట్టడం అన్నిటికంటే మంచిది. అది లేని పాత బండికి కొత్తగా పెట్టేటప్పుడు, గొట్టాలు కలిసిన తర్వాత, ఇంజన్ నుంచి సుమారు రెండడుగుల దగ్గర చోటు వెతకడం చాలామంది చేసే పని. టర్బో ఉన్న పెట్రోలు బండికైతే టర్బో దాటాక, కన్వర్టర్ ముందు.

బావ దగ్గర పాత పైపు ముక్క ఇంకా ఇంటి వెనక పడి ఉంది. దాన్ని తెచ్చి కొలిచాం. అసలు చోటు జాయింటుకి ముందే, పై వైపు, కొంచెం వాలుగా. పెద్దాయన పైపు విప్పి కొత్త నట్టు తీసుకున్నాడు. ఈ సెన్సార్ల మర సాధారణంగా 18 మి.మీ. మందం, 1.5 పిచ్. వెల్డింగ్ వేడికి మర వంకరపోకుండా, చచ్చిపోయిన పాత సెన్సార్‌ని అందులో బిగించి వెల్డింగ్ పెట్టాడు. ఆ ఉపాయం ఆయనదే, నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. అడుగున ఉన్న పాత కన్నం మూసేశాడు. దూర్చిన గొట్టం తీసేసి, ఫ్లాంజి పెట్టి గ్యాస్కెట్‌తో బిగించాడు. సిలికాన్ పేస్టు రాయబోతే వద్దన్నాను. కొన్ని సిలికాన్ పేస్టుల ఆవిరి సెన్సార్ మూతి మీద పేరుకొని దాన్ని చంపేస్తుంది.

మంచి సెన్సార్‌ని ముందు చేత్తో తిప్పి, తర్వాత 22 స్పానర్‌తో బిగించాం. మర పట్టేయకుండా రాసే పేస్టు మర మీదే రాయాలి, మూతికి తగలకూడదు. వైరుని పైపుకి, తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి దూరంగా కట్టాం. సెన్సార్ వైర్లు తెగితే సోల్డర్ పెట్టకండి. చాలా సెన్సార్లు లోపలికి కావాల్సిన బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. సోల్డర్ ఆ దారి మూసేస్తుంది. కనెక్టర్‌లో గ్రీజు కూడా పెట్టొద్దు.

స్కానర్‌తో పాత లెక్కలు చెరిపి, ఘాట్‌లో తిప్పాం. సెన్సార్ వోల్టేజీ గీతకి అటూ ఇటూ చకచకా ఊగడం మొదలైంది. కంప్యూటరు అదనంగా పోస్తున్న పెట్రోలు సున్నాకి దగ్గరగా వచ్చేసింది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి మైదానం కంటే దాదాపు పదో వంతు పల్చన. పల్చబడిన గాలిని ఇంజన్ ముందు వైపు ఉన్న సెన్సార్లు చాలావరకు లెక్క కడతాయి, మిగిలిన తేడాని ఈ ఆక్సిజన్ సెన్సార్ సరిచేస్తుంది. అందుకే రోజూ ఎక్కే దిగే మన బండ్లకి ఇది సరిగ్గా ఉండటం ముఖ్యం.

ఇప్పుడు లీటరుకి 13 దాటుతోంది. మునుపటి 14 పూర్తిగా రాలేదు. మూడు నెలలు మసి తిన్న కన్వర్టర్ ఎంత మిగిలిందో మెల్లగా తెలుస్తుంది. రెండు సెన్సార్ల డబ్బు ఎలాగూ తిరిగి రాదు. కానీ బావ బండి అప్పజెప్పలేదు. మూడు కిస్తీలు కట్టాడు.

ట్రేడు చదివే తమ్ముళ్లకి ఒక మాట. మన థియరీ పుస్తకంలో ఇది ఒక్క లైను: సెన్సార్ కన్వర్టర్‌కి ముందు ఉంటుంది అని. ఆ లైను రాస్తే మార్కు వస్తుంది. కానీ బావ సెన్సార్ కూడా కన్వర్టర్‌కి ముందే ఉంది. పుస్తకం ప్రకారం అది కరెక్టే. ఎందుకు ముందు, ఎంత ముందు, ఏ వైపు అన్నవి తెలియకపోతే ఆ లైను కస్టమర్‌కి పనికిరాదు. ఏ పార్టు చూసినా ఇది ఇక్కడే ఎందుకు ఉంది అని ఒకసారి అడగండి. సార్ చెప్పకపోతే మేస్త్రిని అడగండి, మేస్త్రికి తెలియకపోతే ఇద్దరూ కలిసి బొమ్మ గీసుకోండి.

బైకు కుర్రాళ్లకి కూడా. చప్పుడు కోసం కొన్న పైపుకి సెన్సార్ కన్నం లేదని సెన్సార్‌ని పక్కకి కట్టేసి తిరగకండి. బయట గాలిలో వేలాడే సెన్సార్ రోజంతా ఆక్సిజన్ ఉంది, ఆక్సిజన్ ఉంది అనే చెబుతుంది. ఇంజన్ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఆ పెట్రోలు డబ్బు ఇంట్లో ఎవరు ఇస్తున్నారో మీకే తెలుసు.

పైపు పని చేయించాక బండి తీసుకునే ముందు మూడు చూసుకోండి: సెన్సార్ పాత చోటే ఉందా, వైర్లు పై వైపే ఉన్నాయా, దాని ముందు ఏ జాయింటుకైనా మసి గీత ఉందా. ఐదు నిమిషాల పని. షాపు వదలకముందే చూడండి.